ముల్లు పడిన చోటల్లా

తెల్లారి సనాయియా అనే పారిశ్రామిక వాడలో షట్టర్లు లేచేసరికే సిలాస్ వర్క్‌షాపులో ఉండేవాడు. కరక్ చాయ్ ఒకటి గొంతులో పోసుకుని, బయటికి వెళ్లాల్సిన ట్యాంకర్ల చుట్టూ ఓసారి తిరిగేవాడు. టైర్లు తన్ని చూసేవాడు. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూసేవాడు. బండి కింద నేల మీద కొత్త మరకలేమైనా పడ్డాయేమోనని వంగి చూసేవాడు. నరసాపురం పక్క పల్లె నుంచి వచ్చి, గల్ఫ్‌లోని అల్ ఐన్ ఊరి ఖర్జూరం తోటలకీ, ఒంటెలు పెంచే ఇజ్బాలకీ నీళ్లు తోలే కంపెనీలో మెకానిక్కుగా కుదురుకుని, హెడ్ మెకానిక్కు అయ్యాడు. భార్య కృపారాణి అదే ఊళ్లో ఓ ఆసుపత్రిలో నర్సు. పిల్లలిద్దరూ అక్కడే స్కూల్లో చదువుతున్నారు.

కంపెనీ బండ్లన్నీ కొత్తవే. ఏదైనా తేడా వస్తే వైరు తగిలించి కంప్యూటర్‌లో చూసేవి. ఒక్క పచ్చ ట్యాంకర్ మాత్రం ముసలిది. దాని జబ్బు తెలియాలంటే చెవి పెట్టి వినాలి, చెయ్యి పెట్టి చూడాలి. దాన్ని నడిపేది ఆశన్న. కోరుట్ల దగ్గరి మనిషి, యాభై దాటాయి, నెమ్మదస్తుడు. బండి ఎక్కే ముందు స్టీరింగ్‌ని గొర్రెపిల్ల తలలా ఒకసారి నిమిరేవాడు.

ఆ పచ్చ ట్యాంకర్ ఎండలో ఆగి కదిలిందంటే నీడని అక్కడే వదిలేసి వెళ్లేది. ముందు క్యాబిన్ చదరంగా, వెనక ట్యాంకు గుండ్రంగా, ఇసక మీద పరిచిన దుప్పటిలా ఆ నీడ కొన్నాళ్లు ఉండిపోయేది. సూర్యుడు ఎటు తిరిగినా అది తిరిగేది కాదు. కాసేపే ఆగిన చోట పలచగా ఉండి తొందరగా పోయేది. చాలాసేపు ఆగితే చిక్కగా పడి వారాల తరబడి నిలిచేది. అందులో కూర్చున్నవాళ్లకి నెత్తిన ఎండ తగిలేది కాదు. వేసవిలో మధ్యాహ్నం పూట బయటి పనులు ఆపే వేళకి తోటల్లో కూలీలు ఆ నీడ ఎక్కడుందో వెతుక్కుని వెళ్లి, చెప్పులు విప్పి, డబ్బాలు తెరుచుకుని అన్నాలు తినేవాళ్లు.

"ఆశన్నా, రేపు మా గేటు పక్కన ఓ గంట పెట్టు" అని అడిగేవాళ్లు.

"చూస్త" అనేవాడు ఆశన్న. మర్నాడు పెట్టేవాడు.

ట్రాన్స్‌పోర్ట్ వ్యవహారాలు చూసే మహీధర్‌కి బండి ఇలా మధ్యలో ఆపడంతో ఒక్కటే ఇబ్బంది. ట్రిప్పులు ఆలస్యమవుతాయి. విల్లాల ముందు మాత్రం ఆపొద్దని గట్టిగా చెప్పాడు. ఒకసారి అలా ఆపితే, ఆ నీడలో నా కారంటే నా కారని ఇరుగు పొరుగు పోట్లాడుకుని కంపెనీకి ఫోన్ చేశారు.

వేసవి మొదట్లో పచ్చ ట్యాంకర్ ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ కారడం మొదలైంది. ఛాంబర్ అతుకులో ఉండే గాస్కెట్ మార్చాలి. అంత పాత బండికి గాస్కెట్ ఊళ్లో దొరకలేదు, షార్జాలో పాత సామాన్ల బజారు నుంచి రావాలి. ఈలోగా దూరాన ఉన్న ఇజ్బాలో ఒంటెలకి నీళ్లు నిండుకున్నాయి. ఆ ఇసక దారికి బరువైన కొత్త బండ్లు పనికిరావు, పచ్చ ట్యాంకరే వెళ్లాలి.

"శుక్రవారం రాత్రికల్లా బండి కదలాలి సిలాస్, ఎలాగోలా చెయ్యి" అన్నాడు మహీధర్.

ఎలాగోలా చెయ్యడానికి సిలికాన్ ట్యూబు ఉంది. గాస్కెట్ బదులు ఆ పేస్టుని సన్నగా గీతలా రాసి, బిగించి, బాగా ఆరాక ఆయిల్ పొయ్యాలి. సన్నగా రాయడమే అందులో అసలు పని. మందంగా రాస్తే, బిగించినప్పుడు ఎక్కువైనది బయటికి వచ్చినట్టే లోపలికీ వస్తుంది. ఇదంతా సిలాస్‌కి భీమవరంలో పని నేర్చుకున్న రోజుల నుంచీ తెలుసు. కానీ ఆ శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటంలో అతను ఢోలక్ వాయించాలి. అతని కోసం అందరూ కాచుకుని ఉంటారు. కారకుండా ఉంటే చాలనుకుని, పేస్టుని అన్నంలో వేసుకున్న పెరుగులా మందంగా పూసేశాడు. ఆరేదాకా ఆగకుండా ఆయిల్ పోసేశాడు. ఢోలక్ ఆ రోజు చాలా బాగా పలికిందని పాస్టరమ్మ కూడా అన్నారు.

కొన్ని రోజులు బండి బాగానే తిరిగింది. తర్వాత ఒక సాయంత్రం ఆశన్న వచ్చి, క్యాబిన్‌లోంచి దిగకుండానే డయల్ మీద వేలితో కొట్టాడు.

"తమ్మీ, ఆయిల్ ప్రెజర్ ముల్లు పడుతున్నది. పొద్దుగాల మంచిగనే ఉంటది. గంట నడిచినంక కిందికి జారుతది. ఆపి కొద్దిసేపు నిలబెట్టి స్టార్ట్ జేస్తె మళ్ల లేస్తది."

సిలాస్ ముందు డిప్‌స్టిక్ చూశాడు. ఆయిల్ నిండుగా ఉంది. నేల మీద చుక్క లేదు. ప్రెజర్ చెప్పే స్విచ్చి మార్చాడు. ఫిల్టర్ మార్చాడు. కొంచెం చిక్కటి ఆయిల్ పోశాడు. ఇంజిన్‌కి చేతి గేజ్ బిగించి స్టార్ట్ చేస్తే ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది. చల్లగా ఉన్నప్పుడు అది అలాగే ఉంటుందని అతనికి తెలుసు. వేడెక్కేదాకా నడిపి చూడాలి. అతను ఇంజిన్ ఆపేశాడు.

ఎందుకంటే, ఆగితే ముల్లు లేస్తోందన్న మాట దగ్గరే అతనికి జబ్బు తెలిసిపోయింది. పంపు అరిగితే బండి ఆపి స్టార్ట్ చేసినా ముల్లు లేవదు. బేరింగులు అరిగినా అంతే. ఛాంబర్ అడుగున ఆయిల్ పీల్చుకునే చోట చిన్న జల్లెడ ఉంటుంది. దానికి ఏదో అడ్డం పడుతుంటే మాత్రమే ఇలా జరుగుతుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పీల్చుడికి ఆ చెత్త వచ్చి జల్లెడకి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆపితే ఊడి కిందికి దిగుతుంది. ఆ చెత్త ఏమై ఉంటుందో కూడా అతనికి తెలుసు. ఛాంబర్ విప్పితే తన పని నలుగురిలో బయటపడుతుంది.

"గేజ్ పాతదన్నా. అది తప్పు చూపిస్తోంది" అన్నాడు.

ఆశన్న తలూపాడు.

తర్వాతి ట్రిప్పులో, తారు రోడ్డు అయిపోయి ఇసక దారి మొదలయ్యే చోటు నుంచి ఆశన్న ఫోన్ చేశాడు. సిలాస్ ఇంకో బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"తమ్మీ, ముల్లు మళ్ల పడ్డది. బండి వెనుకకు తిప్పాల్నా?"

"ఆయిల్ ఉందా అన్నా?"

"నిండ ఉన్నది."

"అయితే గేజే. దాన్ని పట్టించుకోకు. ఇజ్బాలో నీళ్లు దింపేసి వచ్చెయ్."

"నువ్వంటె సరె" అన్నాడు ఆశన్న.

ఫోన్ పెట్టేశాక సిలాస్ చాలాసేపు బండి కిందే ఉండిపోయాడు. తెలియక చెప్పిన మాట కాదది. తిరిగి ఫోన్ చేసి ఆపమని చెప్పొచ్చు. కొంచెం ఆగి చేద్దామనుకున్నాడు. చేసేసరికి అవతల సిగ్నల్ లేదు.

ఇజ్బా చేరకముందే ఇంజిన్ పట్టేసింది. దారిన పోయే పికప్ ఎక్కి ఆశన్న సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి కబురు చేశాడు. మర్నాడు రికవరీ బండి నడిపే కలీం వెళ్లి పచ్చ ట్యాంకర్‌ని లాక్కొచ్చి వర్క్‌షాపులో దింపాడు. కలీం నమాజుకి వెళ్లిన సమయం చూసుకుని సిలాస్ ఒక్కడే ఛాంబర్ విప్పాడు. జల్లెడ నిండా బూడిద రంగు సిలికాన్ పోగులు, ఉడికిన సేమియాలా అల్లుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే పీకి పాత గుడ్డలో చుట్టి, వాడేసిన ఆయిల్ పోసే డ్రమ్ములో వేశాడు. జల్లెడని డీజిల్‌తో కడిగాడు. వేళ్లు మాత్రం ఎంత కడిగినా శుభ్రమైనట్టు అనిపించలేదు.

మహీధర్ వచ్చి అడిగాడు. "బేరింగులు ఎలా ఉన్నాయి?"

"నల్లబడి కరిగిపోయాయి సార్. ఆయిల్ అందక పట్టేసింది."

"ఎందుకు అందలేదు?"

"పాత ఇంజిన్ కదా సార్. పంపు అరిగి ఉండొచ్చు." సిలాస్ కొంచెం ఆగి, "ముల్లు పడగానే బండి ఆపేసుంటే ఇంతదాకా వచ్చేది కాదు" అన్నాడు. ఆ ఆఖరి మాటలో అబద్ధం లేదు కదా అని తర్వాత చాలాసార్లు తనకి తాను చెప్పుకున్నాడు.

ఆశన్నని ఆఫీసుకి పిలిచారు. సిలాస్ కూడా అక్కడే గోడ పక్కన నిలబడ్డాడు.

"ముల్లు పడితే ఆపిన సార్. లేచినంక మళ్ల పోయిన. ఆడ ఒంటెలకు నీళ్లు లెవ్వు" అన్నాడు ఆశన్న.

"పడుతోందని తెలిశాక వర్క్‌షాపుకి ఫోన్ చెయ్యొద్దా? చేశావా?"

ఆశన్న ఒకసారి సిలాస్ వైపు చూశాడు. సిలాస్ కళ్లు కిందికి దించుకున్నాడు.

"సిగ్నల్ లేదు సార్" అన్నాడు ఆశన్న.

మహీధర్ చెడ్డవాడేమీ కాదు. ఆ సాయంత్రం అబుదాబిలోని హెడ్ ఆఫీసుతో చాలాసేపు మాట్లాడాడు. కానీ వాళ్లు డ్రైవర్ నిర్లక్ష్యమని తేల్చేశారు. వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేయమన్నారు. ఖలాస్ అన్నారు.

ఆశన్న వెళ్లిపోతున్నాడని తెలిసి కృపారాణి అతన్ని శుక్రవారం భోజనానికి పిలిచింది. చందువా చేప పులుసు పెట్టింది. ఆశన్న పిల్లలకి బిస్కెట్లు, ఆమెకి తోటవాళ్లిచ్చిన ఖర్జూరాలు పట్టుకొచ్చాడు. కరోనా సంవత్సరం అతను ఊపిరాడక ఆసుపత్రిలో పడినప్పుడు ఆ వార్డులో డ్యూటీ కృపారాణిదే. అప్పటి నుంచీ అతను ఆమెని చెల్లె అనే పిలుస్తాడు.

"ఆనాడు నన్ను బోర్ల పండబెట్టి, ఫోన్ల మా బిడ్డ మొఖం చూపెట్టింది చెల్లె. మాట్లాడకన్నా, ఊకె చూడు అన్నది. గందుకే బతికిన" అన్నాడు ఆశన్న పిల్లలతో.

"నాదేముంది అన్నయ్యా, మీ ఆయుష్షు గట్టిది" అంది కృపారాణి. మొగుడి కంచం చూసి, "ఏవండీ, మీరేం తినట్లేదు. ముల్లు గుచ్చుకుందా?" అంది.

సిలాస్ లేదన్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆశన్నని సాగనంపడానికి బయటికి వచ్చి లిఫ్ట్ దగ్గర ఆగి అడిగాడు. "ఫోన్ సంగతి ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తె ఏమైతది? నువ్వు గేజ్ అనుకున్నవు, చెప్పినవు. తెలిసి చెప్పినవా? తప్పు ఎవనికైనా పోతది." ఆశన్న భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "ఇద్దరం పోవుడెందుకు? నీకు పిల్లలు చదువుకుంటున్నరు. నేను ఇయ్యాల గాకుంటె రేపు ఎట్లన్న పోయేటోన్నే."

ఆశన్న ఎక్కాడు, లిఫ్ట్ తలుపు మూసుకుంది. సిలాస్ ఇంట్లోకి వెళ్లకుండా మెట్ల మీద కూర్చున్నాడు. కింద ఎవరిదో కారు రివర్స్ చేస్తున్న చప్పుడు వినబడుతోంది. పరిగెత్తి వెళ్లి చెప్పేద్దామనిపించింది. పిల్లల స్కూలు గుర్తొచ్చింది, అద్దె ఇల్లు గుర్తొచ్చింది, కృపారాణి మొహం గుర్తొచ్చింది. లేచి ఇంట్లోకే వెళ్లాడు.

ఆశన్న టికెట్‌కి ముందు రోజు మహీధర్ సిలాస్‌ని పిలిచాడు.

"ఇజ్బాలో కాసిని నీళ్లిచ్చే బోరుంది కదా, దాని మోటారు ఆగిపోయింది. ట్యాంకర్ లేదు, ఇప్పుడు మోటారూ లేదు. ఒంటెలు దాహంతో అరుస్తున్నాయట. పికప్ తీసుకుని వెంటనే వెళ్లు, యల్లా."

పానాల పెట్టె, వైరు, కొత్త కెపాసిటర్ వెనక పడేసుకుని సిలాస్ బయల్దేరాడు. ఆ హడావుడిలో నీళ్ల డబ్బా వర్క్‌షాపు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. బండిలో సగం సీసా నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి అప్పటికి అతను గమనించలేదు.

తారు రోడ్డు అయిపోయే చోట మొదటి నీడ కనబడింది. ఆశన్న తనకి ఫోన్ చేసిన చోటు అదే. రోడ్డు మీద ఇసక ఊడ్చే పనివాళ్లు అందులో కూర్చుని పెరుగన్నాలు తింటున్నారు. ఒకతను చెయ్యెత్తి పలకరించాడు. సిలాస్ బండి నెమ్మది చేశాడు గానీ ఆపలేదు.

చాలా దూరం వెళ్లాక రెండో నీడ వచ్చింది. దారి పక్క ముళ్ల చెట్టుని ఆనుకుని ఉంది, అందులో మేకలు పడుకుని ఉన్నాయి. మూడోది అంతకంటే దగ్గరలోనే వచ్చింది. ఆ తర్వాతది ఇంకా దగ్గరలో. అప్పటికి సిలాస్‌కి విషయం అర్థమైంది. పట్టించుకోకు అని తను చెప్పినా ఆశన్న పట్టించుకున్నాడు. ముల్లు పడిన చోటల్లా ఆపాడు. లేచేదాకా కాచుకున్నాడు. మళ్లీ ఒంటెల కోసం కదిలాడు.

ఆ నీడల్ని చూస్తూ పోతుంటే ఇంజిన్ జబ్బు ఎలా ముదిరిందో మొత్తం తెలుస్తోంది. మొదట్లో దూరం దూరంగా, పలచగా ఉన్నాయి. పోను పోను దగ్గర పడ్డాయి, చిక్కబడ్డాయి. అంటే జల్లెడ తొందర తొందరగా మూసుకుపోతోంది, ముల్లు లేవడానికి ఎక్కువసేపు పడుతోంది, ఆ మనిషి ఎండలో ఎక్కువెక్కువసేపు ఓపిక పడుతున్నాడు. చివరికి వచ్చేసరికి ఒక నీడలో నిలబడితే ఇంకోటి కనబడేంత దగ్గరగా ఉన్నాయి. ఇంత జాగ్రత్తగా నడిపినవాణ్ని నిర్లక్ష్యమని పంపేస్తున్నారు. ఆ మాట అబుదాబి ఆఫీసు అనక ముందే తన నోట్లోంచి వచ్చింది.

ఆఖరి నీడ దారికి అడ్డంగా పడి ఉంది. ఇంజిన్ పట్టేశాక, కలీం వచ్చేదాకా ట్యాంకర్ అక్కడే నిలబడింది. అందుకే అది మిగతా వాటిలా లేదు. బావిలోకి తొంగి చూసినట్టు నల్లగా ఉంది. దాని మీంచి బండి పోనివ్వాలంటే సిలాస్‌కి చేతులు రాలేదు. పడుకున్న మనిషి మీంచి పోనిచ్చినట్టు అనిపించింది. స్టీరింగ్ పక్కకి తిప్పి, దారి దిగి చుట్టూ తిరిగి పోదామనుకున్నాడు. వెనక చక్రాలు మెత్తటి ఇసకలో యాక్సిల్ దాకా దిగిపోయాయి.

ముందుకీ వెనక్కీ చేసిన కొద్దీ ఇంకా దిగింది. దిగి చేతుల్తో ఇసక తోడాడు. చక్రాల కింద మ్యాట్లు పెట్టాడు, అవి ఎగిరి అవతల పడ్డాయి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఎండ నడినెత్తి మీద ఉంది. బండి రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. సగం సీసా నీళ్లు ఎప్పుడు అయిపోయాయో తెలియలేదు. నడిచి వెళ్దామని నాలుగడుగులు వేసి, కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాడు. చెమట పట్టడం ఆగిపోయింది. అది మంచి గుర్తు కాదని కృపారాణి ఎప్పుడో చెప్పింది.

మోకాళ్ల మీద పాక్కుంటూ ఆ నల్లటి నీడలోకి చేరాడు.

లోపల చల్లగా ఉంది. చెట్టు కింద ఉండే చల్లదనం అది. వెల్లకిలా పడుకుని ఊపిరి పీల్చుకున్నాడు. కాసేపటికి తల తిరగడం తగ్గింది. పక్కన ఇసకలో వీపు ఆనించి కూర్చున్న గుర్తు ఉంది. ఆశన్న చక్రానికి చేరగిలబడి కాచుకున్న చోటు అది. ఇంజిన్ ఉన్న వైపు నేలంతా వెతికాడు. ఎక్కడా ఒక్క ఆయిల్ చుక్క కూడా పడలేదు. తన సిలికాన్ కారనివ్వలేదు. అంత గట్టిగా పట్టింది.

ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాడు. ప్రభువా అన్నాడు, తర్వాత మాట రాలేదు. ఏమని అడగాలి? తను ఎండబెట్టిన మనిషి నీడలోనే పడుకుని బతికించమని అడగడానికి సిగ్గేసింది. మధ్యాహ్నమంతా అలాగే పడి ఉన్నాడు. చుట్టూ ఇసక తెల్లగా మండుతోంది. నీడ మాత్రం అంగుళం కూడా పక్కకి జరగలేదు.

మెకానిక్కు రాలేదని ఇజ్బాలో కాపలాదారు ఫోన్ చేస్తే మహీధర్ రికవరీ బండి ఇచ్చి కలీంని పంపాడు. ఆ దారులు అందరికంటే బాగా తెలిసినవాడు ఆశన్న. క్యాంపులో పెట్టె సర్దుకుంటున్నవాణ్ని కలీం పిలుచుకొచ్చాడు. పొద్దు వాలే వేళకి ఇద్దరూ వచ్చేసరికి సిలాస్ నీడలో ముడుచుకుని ఉన్నాడు.

"సాయా, గీ నీడ ఉండె గనుక బతికినవ్ భాయ్" అన్నాడు కలీం, పికప్‌కి గొలుసు తగిలించడానికి పోతూ.

ఆశన్న అతన్ని లేపి కూర్చోబెట్టాడు. తువ్వాల తడిపి మెడ మీద వేశాడు. నీళ్ల సీసా నోటికి పెట్టాడు.

"జెర్ర జెర్ర తాగు. గబగబ తాగొద్దు."

సిలాస్ రెండు గుక్కలు తాగి సీసా పక్కకి నెట్టాడు.

"గేజ్ కాదన్నా" అన్నాడు. "నేనే. సిలికాన్ మందంగా రాశాను. అది లోపల ఊడి జల్లెడకి పట్టింది. ఛాంబర్ విప్పినప్పుడు తీసి పారేశాను."

ఆశన్న అర్థం కానట్టు చూశాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"ముల్లు ఆగితే లేస్తోందని చెప్పావు చూడు, అప్పుడే."

"ఫోన్ జేసిననాడు ఎరుకనా?"

"ఎరుకే."

"మీ ఇంట్ల నేను అన్నం తిన్ననాడు?"

సిలాస్ అవునన్నట్టు తలూపాడు.

ఆశన్న సీసాకి నిదానంగా మూత బిగించాడు. దాన్ని సిలాస్ పక్కన ఇసకలో నిలబెట్టాడు. లేచి, తువ్వాల అతని మెడ మీదే వదిలేసి, వెళ్లి రికవరీ బండిలో కూర్చున్నాడు. తిరిగొచ్చే దారిలో కలీం పాట పెట్టబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానేశాడు.

మహీధర్ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. సిలాస్ ఇసక బట్టలతోనే వెళ్లి, నిలబడి, మొదటి నుంచీ చెప్పాడు. ట్యూబు సంగతి, ఢోలక్ సంగతి, ఫోన్ సంగతి, డ్రమ్ములో వేసిన పోగుల సంగతి. దారిలో నీడలు ఎలా పడి ఉన్నాయో కూడా చెప్పాడు. మహీధర్ వింటూ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ మనిషి రేపు వెళ్లిపోయేవాడు సిలాస్."

"తెలుసు సార్."

మహీధర్ ఫోన్ తీసుకుని అబుదాబికి చేశాడు. క్యాన్సిల్ కాగితం ఇంకా అక్కడి మేనేజరు బల్ల మీదే ఉందట, ఆపేయమన్నాడు. మర్నాడు ఇంకో మెకానిక్కుతో తనే ఇజ్బాకి వెళ్లి మోటారు బాగు చేయించి, దారిలో ఆ నీడలన్నిటికీ ఫోటోలు తీసి పంపాడు. ఆశన్న వీసా నిలబడింది. సిలాస్‌ని పంపేయలేదు గానీ హెడ్ మెకానిక్కు పని తీసేశారు. నిన్నటిదాకా తన కింద పని చేసిన మాణిక్యం ఇప్పుడు అతని పని చూసి సరే అంటేనే బండి బయటికి వెళ్లాలి.

కృపారాణికి ఇంటికి వెళ్లగానే చెప్పాడు. ఆమె డ్యూటీకి బయల్దేరుతూ, చెప్పు తొడుక్కోబోయి ఆగిపోయింది.

"ఆ రోజు పులుసు బాగుందా అన్నయ్యా అని ఎన్నిసార్లు అడిగానో తెలుసా?" అంది. "మీరు పక్కనే కూర్చున్నారు." ఆ తర్వాత చాలా రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు.

పచ్చ ట్యాంకర్ ఇంజిన్ బాగు చేసే పని సిలాస్‌కే ఇచ్చారు. కొత్త బేరింగులు వచ్చాయి. క్రాంక్‌ని చెక్కించి తెచ్చాడు. షార్జా నుంచి గాస్కెట్ వచ్చేదాకా ఛాంబర్ ముట్టుకోలేదు. వచ్చాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆనించి, ఒక్కో బోల్టూ బిగించి, మళ్లీ మొదటి బోల్టు నుంచి చూసుకుంటూ వచ్చాడు. వేడెక్కేదాకా ఇంజిన్ నడిపి, చేతి గేజ్ ముందు కూర్చున్నాడు. మాణిక్యం వచ్చి చూసి, సరే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆశన్న వచ్చాడు. సిలాస్‌ని పలకరించలేదు. బండి చుట్టూ తిరిగి, కిందికి వంగి చూసి, క్యాబిన్ ఎక్కి స్టార్ట్ చేశాడు. ఇంజిన్ చప్పుడు కాసేపు విన్నాడు. బండి గేటు దాకా పోయి ఆగింది. హారన్ మోగింది.

సిలాస్ చేతులు తుడుచుకుంటూ వెళ్లాడు. ఆశన్న అవతలి తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"ఎక్కు" అన్నాడు.

"మాణిక్యాన్ని అడగాలన్నా."

"అడిగిన. ఎక్కు."

సిలాస్ ఎక్కాడు. సనాయియా దాటారు, ఊరు దాటారు, తోటల పక్కగా పోయారు. ఆశన్న దారి మీదే చూపు పెట్టాడు. రేడియో పెట్టలేదు. చాలాసేపటికి, తారు రోడ్డు అయిపోయి చక్రాల కింద ఇసక చప్పుడు మొదలయ్యాక, తల తిప్పకుండానే అడిగాడు.

"ముల్లు యాడున్నది?"

సిలాస్ డయల్ మీదకి వంగాడు.

"నిలబడే ఉందన్నా."

"చూస్తనే ఉండు" అన్నాడు ఆశన్న.